రాజీ కాగితం ఖరీదు

మా నల్లగొండ వైపు రోడ్డు ప్రమాదం జరిగితే, దెబ్బ తగిలిన మనిషి ఆసుపత్రికి చేరేలోపే పెద్దమనుషులు పోలీస్ స్టేషనుకు చేరుకుంటారు. బండి ఎవరిది, ఏ ఊరు, ఎవరి కొడుకు, అటువైపు మనకు తెలిసినవాళ్లు ఎవరున్నారు అని ఫోన్లు నడుస్తాయి. స్టేషను ఎదురుగా ఉన్న టీ హోటల్లో రెండు పక్షాలూ చెరో బల్ల దగ్గర కూర్చుంటాయి. ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ తిరుగుతుంటారు. పొద్దుగూకేసరికి ఒక అంకె తేలుతుంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘పెద్దల సమక్షంలో మా ఇష్టపూర్వకంగా రాజీ కుదిరినది, ఇకమీదట ఈ విషయమై ఎటువంటి కేసులు పెట్టబోము’ అని రాసి సంతకాలు తీసుకుంటారు. చదువు రానివాళ్లయితే వేలిముద్ర వేయిస్తారు.

నేను నల్లగొండలో ఒక వకీలు దగ్గర గుమాస్తాను. ప్రమాద నష్టపరిహారం కేసుల ఫైళ్లు కుట్టడం, వాయిదాలు రాసుకోవడం, నకళ్ల కోసం తిరగడం నా పని. కోర్టులో నోరు తెరిచే అర్హత నాకు లేదు, అందుకే ఇక్కడ తెరుస్తున్నాను. ఈ రాజీలకు నేను పూర్తిగా వ్యతిరేకం. పగిలిన అద్దాలు, గీసుకుపోయిన తలుపుల సంగతి మీరూ మీరూ చూసుకోండి. మనిషి పోయినా, కాలో చెయ్యో విరిగినా టీ హోటల్లో తేల్చేసే పద్ధతి గురించే నా బాధ.

రాజీకి కారణాలు లేకపోలేదు. ‘ఎవడైనా కావాలని గుద్దుతాడా’ అంటారు, నిజమే. ‘రేపు మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి కదా’ అంటారు, అదీ నిజమే. ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టాలి, లేదా దినాలు చేయాలి, ఆ పూట చేతిలో చిల్లిగవ్వ ఉండదు. అప్పుడు వచ్చే యాభై వేలు దేవుడు పంపినట్టే ఉంటుంది. ఇవేవీ నేను వెక్కిరించను. కానీ ఆ బల్లల దగ్గర అసలు పార్టీ కనిపించదు. అది ఇన్సూరెన్స్ కంపెనీ.

మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి చేయించే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా బండి రోడ్డెక్కకూడదన్నది చట్టం. 2022లో ప్రకటించిన రేటు ప్రకారం 75 నుంచి 150 సీసీ మోటార్‌సైకిలుకు ఏడాదికి 714 రూపాయలు, పన్ను అదనం. ఆ డబ్బు కట్టించుకునేదే ఇలాంటి రోజు కోసం. తీరా ఆ రోజు వచ్చాక, గుద్దినవాడి తండ్రి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి దెబ్బ తగిలిన కుటుంబానికి ఇస్తాడు. ప్రీమియం తీసుకున్న కంపెనీ ఒక్క పైసా తీయదు. దానికి అసలు కబురే అందదు. రెండు బీద కుటుంబాలు ఒకరినొకరు పిండుకుని కంపెనీకి మేలు చేసి ఇంటికి వెళతాయి.

ఎంత మేలు చేస్తున్నారో లెక్క వేసి చూపిస్తాను. ఈ లెక్క కట్టే పద్ధతిని సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో స్థిరపరిచింది. 32 ఏళ్ల తాపీమేస్త్రీ ఒకాయన నెలకు 15,000 సంపాదిస్తున్నాడనుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. సొంత పని చేసుకునేవాడు నలభై ఏళ్లలోపు పోతే, ముందుముందు పెరగాల్సిన ఆదాయం కింద 40 శాతం కలపాలి. అప్పుడు 21,000. తన మీద తాను పెట్టుకునే ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750 మిగులుతుంది. ఏడాదికి 1,89,000. 31 నుంచి 35 ఏళ్ల వయసుకు గుణకం 16. వెరసి 30,24,000 రూపాయలు. దహన ఖర్చులు, భార్యాబిడ్డలు కోల్పోయిన తోడుకు ఇచ్చేవి దీని మీద అదనం.

మేస్త్రీకి జీతం రసీదు ఎక్కడిది, అంత ఆదాయం రుజువు చేయలేడు అంటారా? ఈ పరిహారం కేసులు వినే ట్రైబ్యునల్ నెలకు 10,000 మాత్రమే ఒప్పుకుందనుకోండి, అదే పద్ధతిలో లెక్క 20,16,000కు వస్తుంది. రాజీ బల్ల మీద ఇదే ప్రాణం మూడు లక్షలకో నాలుగు లక్షలకో తెగుతుంది. పైగా ‘బాగానే ఇప్పించాం’ అన్న మాట ఒకటి.

చనిపోయింది ఇల్లాలైతే ఆ మూడు లక్షలు కూడా పలకవు. ‘ఇంట్లో ఉండే మనిషికి సంపాదన ఏముంది’ అని ఒకాయన గొంతు సవరించుకుని అంటాడు. ఇంటిపనికి విలువ కట్టాలని, దానికీ భవిష్యత్తు పెరుగుదల కలపాలని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పెద్దమనిషి ఇంట్లో ఆయన భార్య వారం రోజులు మంచాన పడితే తీర్పు చదవనక్కర్లేకుండానే ఆయనకు అర్థమవుతుంది.

గుద్దినవాళ్లను రాజీకి తరిమేది జైలు భయం. నిర్లక్ష్యం వల్ల మరణం కలిగితే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. కానీ అది బెయిలు దొరికే నేరం. తాగి నడిపినవాడి సంగతి వేరు, వాడి తరఫున నేను మాట్లాడను. నష్టపరిహారం కేసు, క్రిమినల్ కేసు రెండూ వేరువేరు దారులు. క్రిమినల్ కేసు కొట్టేసినా పరిహారం రావచ్చు. లైసెన్సు, ఆర్‌సీ, పాలసీ మూడూ సరిగ్గా ఉన్నవాడికి కేసు నమోదు కావడమే రక్షణ. ఎందుకంటే అప్పుడు చెల్లించాల్సింది కంపెనీ. ఈ మాట యజమానుల చెవిన వేసేవాళ్లు లేరు.

ఇక ఫైళ్లు ఎక్కడ చెడిపోతాయో చెబుతాను. చాలావరకు ఆసుపత్రి క్యాజువాల్టీలోనే. డ్యూటీలో ఉన్న డాక్టరు ‘ఎలా జరిగింది’ అని అడుగుతాడు. వెంట వచ్చిన బావమరిదికి పోలీసులంటే భయం, కేసు అంటే వైద్యం ఆలస్యం అవుతుందని అనుమానం. ‘బండి మీద నుంచి పడ్డాడు సార్’ అంటాడు. డాక్టరు ‘సెల్ఫ్ ఫాల్’ అని రెండు ముక్కలు రాస్తాడు. అంతే. తర్వాత కారు నంబరు దొరికినా, సాక్షులు వచ్చినా, చార్జిషీటు పడినా, కంపెనీ వకీలు ఆ మొదటి కాగితం పట్టుకునే క్రాస్ చేస్తాడు. ‘మీ బావమరిదే పడ్డాడని చెప్పాడు కదా, కారు మధ్యలో ఎక్కడినుంచి వచ్చింది?’ బోనులో ఉన్న మనిషికి చెమటలు పడతాయి. అబద్ధం ఆడినందుకు కాదు, ఆ రాత్రి బావమరిది ఎందుకు అలా చెప్పాడో ఇప్పుడు ఆ బావమరిదికే గుర్తుండదు. కాబట్టి క్యాజువాల్టీలో జరిగింది జరిగినట్టు చెప్పండి. ఫలానా చోట, ఫలానా వైపు నుంచి వచ్చిన ఫలానా బండి గుద్దిందని రాయించండి. నంబరు తెలియకపోతే తెలియదనే రాయించండి.

రెండోది మందుల బిల్లులు. షాపులో ఇచ్చే ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతాయి. కవరు విప్పి చూస్తే తెల్ల కాగితాలు. లక్ష రూపాయల మందులు వాడి ఇరవై వేలకు కూడా రుజువు చూపలేకపోయినవాళ్లను చూశాను. కొన్న రోజే జిరాక్సు తీయించి, అసలుతో కలిపి పెట్టుకోవాలి.

మూడోది మరీ పాడు పని. లైసెన్సు లేనివాడు నడిపితే, లైసెన్సు ఉన్న మేనమామను డ్రైవరుగా చూపించమని సలహా ఇచ్చే పెద్దమనుషులున్నారు. 108 వాళ్ల రికార్డు ఒకటి చెబుతుంది, దారిలో ఉన్న కెమెరా ఒకటి చెబుతుంది, కేసు కుప్పకూలుతుంది. నిజమైన బాధితుడి పరిహారం కూడా దాని కింద పడి నలుగుతుంది.

పోలీసులకు చెప్పకుండా దాచేవాళ్లు ఇంకొకటి పోగొట్టుకుంటున్నారు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స పథకం అమల్లోకి వచ్చింది. ప్రమాదం జరిగిందని పోలీసులు ధ్రువీకరిస్తేనే అది నడుస్తుంది. రాజీ కోసం ప్రమాదాన్నే మాయం చేస్తే ఎవరు ధ్రువీకరిస్తారు?

ఇన్సూరెన్స్ ఉంది కదా అని అన్నిటికీ వస్తుందనుకోవడం ఇంకో భ్రమ. మన ఊళ్లలో బండి తండ్రి పేరు మీద ఉంటుంది, నడిపేది కొడుకు. రాత్రిపూట రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్ప, దాని చుట్టూ పేర్చిన బండరాళ్లు. కొడుకు వాటికి తగిలి పడి చనిపోతాడు. ఇంకో బండి లేదు కాబట్టి థర్డ్ పార్టీ పరిహారం రాదు. ఇంకొకరి బండి తీసుకుని నడిపేవాడు యజమాని స్థానంలోకి వస్తాడని, అంటే థర్డ్ పార్టీ కాడని 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పోనీ పాలసీతో పాటు వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందా అంటే, అది లైసెన్సు ఉన్న యజమాని నడుపుతున్నప్పటికే. తండ్రికి వర్తిస్తుంది, కొడుకుకు వర్తించదు. ఎవరు నడిపితే బండి వాళ్ల పేరు మీదే ఉండాలని నేను చెప్పినప్పుడల్లా జనం నవ్వుతారు. వడ్లు ఆరబోసిన రైతు మీద నాకు కోపం లేదు, కల్లాలు లేని ఊరు ఆయనది. రాళ్లు తీయకుండా ఇంటికి వెళ్లి పడుకున్నందుకు మాత్రం కోపం.

వెనక కూర్చున్న తల్లి సంగతి మరీ దారుణం. స్పీడ్ బ్రేకరు దగ్గర బండి ఎగిరితే ఒక పక్కకు కూర్చున్న ఆడవాళ్లు వెనక్కి పడి తలకు దెబ్బ తగిలి పోతారు. మీ పాలసీ కేవలం థర్డ్ పార్టీది అయితే, మీ బండి వెనక కూర్చున్న మనిషికి సాధారణంగా మీ కంపెనీ బాధ్యత వహించదు. సొంత బండి నష్టానికీ కలిపి కట్టే ప్యాకేజీ పాలసీ అయితే వహిస్తుంది. రెంటికీ తేడా ఏడాదికి కొన్ని వందలో, మరి కొంచెమో. కొత్త బండికి థర్డ్ పార్టీ ఐదేళ్లకు ఒకేసారి కట్టించుకుంటున్నారు కాబట్టి, ఆరో ఏడు వచ్చిన సంగతే చాలామందికి తెలియదు. ఇప్పుడే బండి పెట్టె తీసి చూడండి, తర్వాత మిగతాది చదవవచ్చు.

ట్రాక్టరు గురించి మాట్లాడకపోతే ఉమ్మడి నల్లగొండ జిల్లా గురించి మాట్లాడనట్టే. 2018 ఏప్రిల్‌లో పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరప కోతకు వెళ్తున్న కూలీల ట్రాక్టరు ఏఎమ్మార్పీ కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర మూసీ కాలువలో ఇంకో ట్రాక్టరు పడింది. అక్కడ పోయినవాళ్లు అంతకంటే ఎక్కువ. రెండు చోట్లా ఎక్కువమంది ఆడవాళ్లే. ఇప్పటికీ పత్తి ఏరే రోజుల్లో దేవరకొండ దారిలో పొద్దున్నే నిలబడి చూడండి, ట్రాలీలో ముప్పై మంది నిలబడి వెళుతుంటారు. ట్రాక్టరుకు ఉండేది ఒకటే సీటు, డ్రైవరుది. ట్రాలీ సరుకు కోసం. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు రెండు దశాబ్దాల కిందటే చెప్పింది. కొన్ని కేసుల్లో కోర్టు దయతలచి ముందు కంపెనీని కట్టమని, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని అంటుంది. కట్టకపోతే భూమిశిస్తు బకాయిలా కలెక్టరు ద్వారా వసూలు చేసే వీలు చట్టంలో ఉంది. అంటే ట్రాక్టరు యజమాని మూడెకరాల మీదికి వస్తుంది. కూలీలను బస్సులోనో ఆటోలోనో, అదీ సీట్లకు సరిపడా ఎక్కించమంటే ‘గిట్టుబాటు కాదు’ అంటారు. తొమ్మిది మందికి పరిహారం కట్టడం గిట్టుతుందా అని అడిగితే నన్ను అపశకునం పక్షిని చూసినట్టు చూస్తారు.

ట్రాక్టరు రాంగ్ రూట్‌లో రావడం ఇంకో అలవాటు. యూటర్న్ కిలోమీటరు దూరంలో ఉందని డివైడరు పక్కనే ఎదురొస్తారు. 2014 డిసెంబరు 6న విజయవాడ హైవే మీద మునగాల మండలం ఆకుపాముల దగ్గర నందమూరి జానకిరామ్ కారు అలా వచ్చిన ట్రాక్టరుకే తగిలింది. నాలుగేళ్లు తిరగకముందే ఆయన తండ్రి హరికృష్ణ నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద అన్నెపర్తి దగ్గర పోయారు. పేరున్నవాళ్లు కాబట్టి మనకు తేదీలతో సహా గుర్తున్నాయి. పేరులేనివాళ్లను గుద్ది ఆగకుండా వెళ్లిపోయిన బండ్లు ఆ రోడ్ల మీద ఎన్నో.

బండి ఏదో తెలియకపోయినా ఒక దారి ఉంది, దాన్ని వాడుకునేవాళ్లే తక్కువ. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు ఇచ్చే పథకం ఉంది. దరఖాస్తు రెవెన్యూ అధికారుల దగ్గర పెట్టాలి, వకీలు అక్కర్లేదు. నెల రోజుల్లో బండి ఆచూకీ దొరకకపోతే ఈ పథకం సంగతి బాధితులకు రాతపూర్వకంగా తెలపాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు పోలీసులను ఆదేశించింది. ఆ కాగితం మీకు రాలేదా? స్టేషనుకు వెళ్లి అడగండి, అది మీ హక్కు.

‘కోర్టుకు వెళితే ఏళ్లు పడుతుంది’ అనేది రాజీ పక్షం వాళ్ల ఆఖరి బాణం. ఏళ్లు పట్టే మాట నిజమే, నేను వాయిదాలు రాసుకునేవాణ్ణి, నాకు తెలుసు. కానీ కాలు విరిగిన కేసులో రాజీ అయిన నాటికి ఒక్క ఆపరేషనే అయి ఉంటుంది. తర్వాత ఎముక అతకదు, చీము పడుతుంది, రాడ్డు మార్చాలి. కాగితం మీద వేలిముద్ర పడింది కాబట్టి రెండో ఆపరేషనుకు ఎవరూ పలకరు. కోర్టులో కేసు ఉంటే ఆ బిల్లూ ఫైలులో చేరుతుంది. పైగా జాతీయ లోక్ అదాలత్ ఉంది. అక్కడ కుదిరేదీ రాజీయే, కాకపోతే అక్కడ కంపెనీ వచ్చి కూర్చుంటుంది, లెక్క తెలిసినవాళ్లు మధ్యలో ఉంటారు, దాని మీద అప్పీలు ఉండదు. ప్రమాదం బెంగళూరులో జరిగినా కేసు మీరు ఉండే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో వేసుకోవచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

గడువు మాత్రం మరవకండి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో దరఖాస్తు వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. గడువు దాటిందన్న కారణంతో కేసులు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, అది మధ్యంతర ఉత్తర్వు. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

మా వృత్తి గురించి కూడా ఒక మాట చెప్పకపోతే ఇదంతా వ్యాపార ప్రకటన అవుతుంది. వచ్చే పరిహారంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. అయినా ఆసుపత్రి మెట్ల మీదే శాతం మాట్లాడే మధ్యవర్తులున్నారు. ఫీజు రూపాయల్లో మాట్లాడుకుని రసీదు అడగండి. ఇది చదివాక కోర్టు ఆవరణలో కొందరు నాతో టీ తాగడం మానేస్తారు, మానేయనివ్వండి.

చివరగా, రాజీ వల్ల డబ్బు ఒక్కటే పోదు. హైవే మీద సుమారు ఐదు వందల మీటర్ల మేర, మూడేళ్లలో మరణం గానీ తీవ్ర గాయం గానీ అయిన ప్రమాదాలు ఐదు జరిగినా, లేదా పది మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్‌గా, అంటే తరచూ ప్రమాదాలు జరిగే చోటుగా గుర్తిస్తారు. లెక్క పోలీసు రికార్డు నుంచే వస్తుంది. రాజీ అయిన ప్రతి విరిగిన కాలూ ఆ లెక్కలోంచి జారిపోతుంది. హైవే పక్కన నాకు తెలిసిన ఒక ఊళ్లో దాటే చోట మనుషులు గుద్దించుకుంటూనే ఉంటారు. విసిగిపోయి అండర్‌పాస్ కావాలని రాస్తారోకో చేశారు, వాహనాలు రెండు వైపులా బారులు తీరాయి. అధికారి వచ్చి రికార్డు తెప్పించి చూస్తే ఆ చోట నమోదైన కేసులు రెండే. మిగతావి ఏమయ్యాయని ఆయన అడిగితే జవాబు చెప్పేవాళ్లు లేరు. ముందు వరసలో బైఠాయించిన పెద్దల్లో కొందరు ఆ రాజీలకు సాక్షి సంతకాలు చేసినవాళ్లే. అండర్‌పాస్ మంజూరు కాలేదు. రెండు మెరిసే లైట్లు, ‘నెమ్మదిగా వెళ్లండి’ అన్న బోర్డు ఒకటి పెట్టి వెళ్లారు.